మసక డాలరు: 1996 అట్లాంటా వెండి నాణెం, ఒక కేస్ స్టడీ

2024 జూన్‌లో ఒక శనివారం ఉదయం ఒక తెలుగావిడ చిన్న స్టీలు డబ్బా పట్టుకుని మా కొట్టుకు వచ్చారు. నేను అట్లాంటా ఉత్తర శివార్లలో నాణేల వ్యాపారం చేస్తాను. తెలుగువాళ్లు తరచుగానే వస్తారు గానీ, ఎక్కువ మంది తెచ్చేది తాతగారి విక్టోరియా రూపాయో, నిజాం నాణేలో. ఈవిడ డబ్బాలో ఉన్నవన్నీ అమెరికా డాలర్లే, మొత్తం ఐదు.

"బాబూ, మా అబ్బాయి 1996లో ఇక్కడే పుట్టాడు. వాడు పుట్టిన ఏడాదివని మావారు దాచారు. ఆయన పోయి మూడేళ్లయింది. ఇప్పుడు అబ్బాయి పెళ్లి కుదిరింది. ఇవి అమ్మితే ఏమైనా వస్తాయా, వాడికే ఇవ్వమంటారా?"

"కూర్చోండమ్మా. ఇంతకు ముందు ఎవరికైనా చూపించారా?"

చూపించారట. పాత బంగారం కొనే ఒక దుకాణంలో నాలుగు వెండి నాణేలనూ కలిపి తక్కెడలో వేసి, 75 డాలర్లు ఇస్తామన్నారట. వెండి కాని ఐదోదాన్ని పక్కకు నెట్టేశారట. ఆ లెక్క ఎలా వచ్చిందో నాకు వెంటనే అర్థమైంది. వెండి విలువ కట్టి, అందులో పావు వంతు తరుగు తీశారు. అది మోసం కాదు, కరిగించేవాడి లెక్క. కరిగించేవాడికి నాణెం మీది బొమ్మతో పని ఉండదు.

ఇలాంటి సందర్భాల్లో నేనొక నియమం పెట్టుకున్నాను. విలువ కట్టిన రోజున ఆ సరుకు నేను కొనను. విలువ చెప్పేవాడూ కొనేవాడూ ఒకడే అయితే నోటి నుంచి వచ్చే అంకె కిందికే జారుతుంది. నాకూ ఆ బలహీనత ఉంది. అందుకే చిన్న రుసుము తీసుకుని, కాగితం మీద అంకెలు రాసిచ్చి పంపిస్తాను.

డబ్బాలోంచి ఒక్కొక్కటీ తీసి నల్ల మఖమలు మీద పరిచాను. మొదటిది టంకశాల ఇచ్చిన పెట్టెలో, ప్లాస్టిక్ గుళికలో అద్దంలా మెరుస్తున్న డాలరు. చక్రాల కుర్చీలో క్రీడాకారుడి బొమ్మ, 1996 పారాలింపిక్స్‌ది. రెండోది కూడా పెట్టెలోనే ఉంది, టెన్నిస్ ఆడుతున్న అమ్మాయి బొమ్మ. మూడోది నడిచే స్వేచ్ఛాదేవి (లిబర్టీ) బొమ్మ ఉన్న సిల్వర్ ఈగిల్ నాణెం. నాలుగోది బంగారు రంగులో చిన్నగా, వీపున బిడ్డను కట్టుకున్న అమెరికా ఆదివాసీ మహిళ సకజవియా. ఐదోది పెట్టె లేకుండా, మెత్తటి ప్లాస్టిక్ సంచిలో, ఒక పాత బ్యాడ్జీతో కలిసి ఉంది. అది కూడా చక్రాల కుర్చీ బొమ్మే, కానీ మసకగా, అంచు దగ్గర కాస్త ఆకుపచ్చగా. ఆవిడ దాన్ని వేలితో పక్కకు జరిపి, "ఇది పాడైపోయిందిలెండి, అదే రకంది ఇంకొకటి పెట్టెలో బాగానే ఉంది కదా" అన్నారు.

మొదటి చూపులో నేనూ అదే అనుకున్నాను. పెట్టె లేక మెరుపు పోయిన ప్రూఫ్ (అద్దంలా మెరిసేలా కొట్టిన రకం) అని కాగితం మీద రాసేశాను కూడా. ఆ గీత కొట్టేసింది తర్వాత ఇరవై నిమిషాలకు.

తేలికైనవి ముందు తేల్చేశాను. సకజవియా డాలరు 2000లో చలామణీకి వచ్చింది, అంటే అబ్బాయి పుట్టిన ఏడాదిది కానే కాదు. రాగి మీద మాంగనీసు కలిసిన ఇత్తడి పొర, బరువు 8.1 గ్రాములు. బంగారం వీసమెత్తు కూడా లేదు. విలువ ఒక డాలరు, పాలప్యాకెట్టు కొనేటప్పుడు ఇచ్చేయవచ్చు. ఈ రంగు చూసి మోసపోయేవాళ్లు ఎంతమందో లెక్కలేదు కాబట్టి ఇంకేమీ రాయను.

ఈగిల్ విషయం అంత తేలిక కాదు. అది స్మారక నాణెం కాదు, పెట్టుబడిదారుల కోసం కొట్టే నాణెం. 40.6 మిల్లీమీటర్ల వెడల్పు, 31.1 గ్రాములు, 99.9 శాతం వెండి. ఈ వరుస 1986లో మొదలైంది. అన్ని సంవత్సరాల్లోకీ పెట్టుబడి రకం అతి తక్కువగా కొట్టింది 1996లోనే, 36,03,386. అందుకే ఆ ఏడాది ఈగిల్‌కు అప్పట్లో మిగతావాటి కంటే రెట్టింపు దాకా పలికేది. భర్త తెలిసి కొన్నారో లేదో గానీ, మంచి ఏడాదే దొరికింది. దీపం కింద వంచి చూశాను. లిబర్టీ పక్కనున్న ఖాళీ మైదానం మీద వెంట్రుకల్లాంటి గీతలు, అన్నీ గుండ్రంగా ఒకే దిక్కుకు తిరిగి ఉన్నాయి. బొరుసు వైపు గద్ద రెక్కల సందుల్లో ఎర్రటి మరక. భూతద్దంలో చూస్తే కుంకుమ.

"అమ్మా, దీన్ని పూజలో పెట్టేవారా?"

"వరలక్ష్మీ వ్రతానికి ప్రతి ఏడూ. వెండి కదా! నల్లబడినప్పుడల్లా విభూతితో తోమేదాన్ని. చూడండి, ఎంత తెల్లగా ఉందో."

నాణేల వాళ్లు వినలేని మాట అది. వెండి కంచం తోమినట్టు నాణెం తోమితే పోయేది మురికి కాదు, పైచర్మం. టంకశాల అచ్చు కొట్టినప్పుడు లోహం అంచు వైపు పారుతూ సన్నని గీతలుగా గడ్డకడుతుంది. నాణేన్ని తిప్పితే బండి చక్రపు ఆకుల్లా తిరిగే వెలుగు ఆ గీతల నుంచే వస్తుంది. విభూతి ఎంత మెత్తనైనా పొడే. ఆ గీతలను అది చదును చేసేస్తుంది. తర్వాత మిగిలేది తెల్లదనమే, వెలుగు కాదు. తోమకుండా ఉంటే 65 డాలర్లు రాసేవాణ్ణి. తోమినందుకు వెండి విలువకు రెండు డాలర్లు మించి రాయలేకపోయాను.

ఇక రెండు చక్రాల కుర్చీలు.

1995, 1996 సంవత్సరాల్లో అట్లాంటా ఒలింపిక్స్ పేరుతో అమెరికా టంకశాల పదహారు రకాల స్మారక నాణేలు తెచ్చింది. అందులో వెండి డాలర్లు ఎనిమిది. 1995లో జిమ్నాస్టిక్స్, సైక్లింగ్, పరుగు పందెం, పారాలింపిక్స్. 1996లో టెన్నిస్, పడవ పందెం, హైజంప్, మళ్లీ పారాలింపిక్స్. ఈ రెండు పారాలింపిక్స్ డాలర్లను కలగాపులగం చేసేవాళ్లు ఎక్కువ. 1995 దాని మీద చూపులేని పరుగుగాడు తోడు పరుగుగాడితో కలిసి ఉంటాడు, 1996 దాని మీద చక్రాల కుర్చీ ఉంటుంది. బొరుసు వైపు 1995 వాటికి కలిపిన చేతులు, 1996 వాటికి అట్లాంటా కాగడా చిహ్నం. 1995లోనే వచ్చిన స్పెషల్ ఒలింపిక్స్ డాలరు మరొకటి ఉంది, దానికీ వీటికీ చుట్టరికం లేదు.

ఒక్కో డాలరునూ రెండు రకాలుగా కొట్టారు. ప్రూఫ్ రకానికి అచ్చును ప్రత్యేకంగా మెరుగు పెట్టి, ఒకటికి రెండుసార్లు గట్టిగా కొడతారు. మైదానం అద్దంలా, బొమ్మ మంచు పట్టినట్టు తెల్లగా వస్తుంది. రెండో రకం అన్‌సర్క్యులేటెడ్, అంటే చలామణీకి వెళ్లనిది. దానికి అద్దపు మెరుపు ఉండదు, పట్టుబట్ట మీద పడినట్టు మెత్తటి కాంతి ఉంటుంది. పక్కపక్కనే పెడితే రెండోది నిజంగానే వెలవెలబోతుంది. ఈ డాలర్లలో ప్రూఫ్‌లు ఫిలడెల్ఫియాలో కొట్టినవి, వాటి మీద పి అక్షరం. అన్‌సర్క్యులేటెడ్‌వి డెన్వర్‌వి, డి అక్షరం. మన హైదరాబాద్ టంకశాల తేదీ కింద నక్షత్రం వేస్తుంది చూడండి, అలాంటి గుర్తే ఇదీ.

సంచిలోంచి మసక డాలరు తీసి పది రెట్ల భూతద్దం పెట్టాను. పచ్చపొర పక్కన టంకశాల గుర్తు కనిపించింది. డి.

అప్పుడు కాగితం మీద రాసిన గీత కొట్టేశాను. మెరుపు పోయిన ప్రూఫ్ అయితే పి ఉండాలి. ఎవరైనా గుర్తు మార్చారా అనే అనుమానం ఈ వృత్తిలో ఎప్పుడూ ఉండాలి గానీ, ఇక్కడ నిలవదు. ప్రూఫ్ మీద అక్షరం మార్చినా, అక్షరాల మధ్య సందుల్లో, చేతులు తగలని చోట అద్దపు మెరుపు మిగిలిపోతుంది. దీనికి ఆ సందుల్లోనూ పట్టు కాంతే ఉంది.

సంఖ్యలు చెప్తే ఆ అక్షరం బరువు తెలుస్తుంది. 1996 పారాలింపిక్స్ ప్రూఫ్‌లు అమ్ముడైనవి 84,280. అన్‌సర్క్యులేటెడ్‌వి 14,497. అట్లాంటా డాలర్లు ఎనిమిదింటిలో ఇదే అన్నిటికంటే తక్కువ. దాని వెనుక హైజంప్ 15,697, టెన్నిస్ 15,983, పడవ పందెం 16,258.

ఇంత తక్కువ ఎందుకంటే కొనేవాళ్లు విసిగిపోయారు. పదహారు రకాలు, ఒక్కోటీ రెండేసి తీరుల్లో, ముప్ఫై రెండు. వెండి డాలరు ఒక్కోదాని ధరలో 10 డాలర్లు ఒలింపిక్ నిధికి పోయే అదనపు రుసుము. అదే రెండేళ్లలో ఇతర స్మారకాలూ వచ్చి పడ్డాయి. ఒకటి కొందామనుకున్నవాడు మెరిసేదే కొన్నాడు, మసకది వదిలేశాడు. అమెరికా కాంగ్రెస్ 1996లో చట్టం చేసి, 1999 నుంచి ఏడాదికి రెండు అంశాలకే నాణేలు, వెండి డాలరు అయితే ఐదు లక్షలకు మించకూడదు అని కట్టడి పెట్టింది. అప్పట్లో ఎవరూ అడగని నాణేన్నే ఇప్పుడు వరుస పూర్తి చేయాలనుకునేవాడు వెతుక్కుంటున్నాడు. ఈవిడ ఇంట్లోనూ అదే జరిగింది. మెరవలేదని పూజకు ఎక్కలేదు, ఎక్కలేదు కాబట్టి విభూతి తగల్లేదు.

అసలుదేనా అన్నది తేల్చాలి. తక్కెడలో 26.74 గ్రాములు చూపింది, ఉండాల్సింది 26.73. వెడల్పు 38.1 మిల్లీమీటర్లు. అయస్కాంతపు బల్ల మీద వాలుగా వదిలితే వెండి నాణెం నెమ్మదిగా జారాలి, ఇది అలాగే జారింది. అంచు పళ్లు చుట్టూ ఒకే ఎడంతో ఉన్నాయి. కుడి ఎడమ అంచులు పట్టుకుని బొమ్మ నుంచి బొరుసుకు తిప్పితే అటువైపు నిటారుగా రావాలి, అమెరికా నాణేల అమరిక అది. వచ్చింది. నీళ్లలో ముంచి సాంద్రత చూసే పద్ధతి ఉంది, నేనూ నేర్పుతుంటాను, కానీ చలామణీకి వెళ్లని నాణేన్ని నీళ్లలో ముంచను. ఆరేటప్పుడు మచ్చ మిగులుతుంది. గీటురాయి ఊసు అసలే వద్దు.

ఇక ఆ పచ్చదనం. కొత్త ప్లాస్టిక్ చాప వాసన వచ్చే మెత్తటి సంచుల్లో పీవీసీ ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది విరిగి ఆమ్లం వదులుతుంది. ఈ డాలర్లలో వెండి 90 శాతమే, మిగతా 10 శాతం రాగి. ఆమ్లం రాగిని పట్టుకుని జిగురు పచ్చపొర కడుతుంది. వదిలేస్తే లోహాన్ని తినేస్తుంది. దీనికి మందు శుద్ధమైన అసిటోన్. గోళ్ల రంగు తుడిచేది పనికిరాదు, అందులో ఇంకేవేవో కలుస్తాయి. ఆవిడ అనుమతి అడిగాను. "తోమకూడదన్నారు, మళ్లీ మీరే కడుగుతారా?" అన్నారు. అడగాల్సిన ప్రశ్నే. అసిటోన్ ప్లాస్టిక్ జిగురును కరిగిస్తుంది గానీ వెండినీ రాగినీ ముట్టదు, రుద్దడం ఉండదు అని చెప్పాను.

కిటికీ తెరిచి, గాజు గిన్నెలో పోసి, నాణేన్ని అంచులు పట్టుకుని దించాను. పది నిమిషాలు. ఈలోపు ఆవిడ బ్యాడ్జీ కథ చెప్పారు. ఆ ఆగస్టులో ఆయన పారాలింపిక్స్‌కు స్వచ్ఛందంగా వ్యాన్ నడిపారట. నెలలు నిండిన భార్యను చుట్టాలావిడకు అప్పగించి మరీ వెళ్లేవారట. ఆ కోపం ఆవిడకు ఇంకా పూర్తిగా పోయినట్టు లేదు. మసక డాలరు ఆయన తన కోసం కొనుక్కున్నది, మెరిసేది కొడుకు కోసం. మసకదాని గుళిక పగిలిపోతే బ్యాడ్జీ సంచిలో వేసేశారు.

రెండో గిన్నెలో కొత్త అసిటోన్‌తో మరోసారి ముంచి, గాలికి ఆరనిచ్చాను. పచ్చదనం పోయింది. అదృష్టం, కింద లోహం తినలేదు. దీపం కింద తిప్పితే చక్రపు ఆకులు తిరిగాయి. ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుని చూశారు.

స్థాయి నిర్ణయం 70 అంకెల కొలమానం మీద జరుగుతుంది. 70 అంటే ఐదు రెట్ల భూతద్దంలో కూడా లోపం కనిపించకూడదు. ఆధునిక స్మారకాలు ఎక్కువగా 69 దగ్గర ఆగుతాయి. 69కీ 70కీ మధ్య ధరలో పెద్ద అగాధం ఉంటుంది. కాసేపు నాకూ ఆశ పుట్టింది. కానీ చక్రం కింది భాగానికి ఎడమ పక్కన ఒక సన్నని దెబ్బ ఉంది, ఆవగింజలో పదో వంతు. బ్యాడ్జీ సూది తగిలి ఉంటుంది. 70 రాదు, 69 కూడా అనుమానమే. స్థాయి తేల్చే గ్రేడింగ్ సంస్థకు పంపితే రుసుము, రానుపోను బీమా కలిపి అప్పట్లో అరవై డాలర్లు దాటేది. తిరిగొచ్చిన 69 లేదా 68 ఆ ఖర్చును ఎత్తదు. పంపవద్దని రాశాను. ఈ నాణేలను గ్రేడింగ్ సంస్థ నుంచి గట్టి ప్లాస్టిక్ పలకలో బిగించి తెచ్చుకోవడమే విలువ అనుకునే కొత్తవాళ్లతో నాకు రోజూ ఇదే వాదన.

ఇక అంకెలు. నేల ఎక్కడుందో ముందు తెలియాలి, అది వెండి. 26.73 గ్రాముల్లో 90 శాతం అంటే 24.06 గ్రాముల శుద్ధ వెండి, వెండి తూచే ట్రాయ్ ఔన్సుల్లో 0.7734. ఆ వారం వెండి ఔన్సు 30 డాలర్ల దగ్గర ఉంది, కాబట్టి ఒక్కో స్మారక డాలరులో 23 డాలర్ల పైచిలుకు లోహం. ఈగిల్‌లో 30. నాలుగూ కలిపి దాదాపు వంద. దాని మీద ఎంత ఎక్కువ పలుకుతుందో చూడటానికి నేను అమ్మకానికి పెట్టిన ధరలు చూడను, అమ్ముడైన ధరలే చూస్తాను. అడిగేవాడు వెయ్యి కూడా అడగవచ్చు, ఇచ్చినవాడు ఎంత ఇచ్చాడన్నదే లెక్క.

పారాలింపిక్స్ ప్రూఫ్‌కు 38 రాశాను. పెట్టె ఉంది, పత్రం ఉంది, కానీ 84 వేల మందికి అవే ఉన్నాయి. ఆ పత్రం మీద ఆ నాణేనికే చెందిన వరుస సంఖ్య ఏదీ లేదు, ఎవరి నాణేన్ని ఎవరి పెట్టెలోనైనా పెట్టవచ్చు. టెన్నిస్ ప్రూఫ్, 92,016లో ఒకటి, కాస్త గిరాకీ ఎక్కువ, 42. ఈగిల్ 32. సకజవియా 1. మసక డాలరు, దెబ్బను లెక్కలోకి తీసుకుని, 130. మొత్తం 243. ఇవి సేకర్తకు నేరుగా అమ్మితే వచ్చే ధరలు. నాలాంటి వ్యాపారికి అమ్మితే ఇందులో నాలుగింట మూడు వంతులు వస్తే మంచి బేరమే. ఆ మాట కూడా కాగితం మీద రాశాను.

75 డాలర్ల బేరంలో మసక డాలరు వాటా ఎంతో లెక్కేసి చూపించాను. పదిహేడున్నర. ఆవిడ నవ్వలేదు. "ఇది ఎన్నిసార్లు పారేద్దామనుకున్నానో" అన్నారు.

టెన్నిస్ డాలరు అమ్మనన్నారు. స్టోన్ మౌంటెన్ కోర్టుల్లో లియాండర్ పేస్ కాంస్యం గెలిచిన మర్నాడే ఆయన దాని కోసం డబ్బు కట్టారట. ఒలింపిక్స్‌లో 1952లో కుస్తీలో కె.డి. జాదవ్ గెలిచిన పతకం తర్వాత భారత్‌కు దక్కిన తొలి వ్యక్తిగత పతకం అది. అట్లాంటాలో మనకు వచ్చింది ఆ ఒక్కటే. నాణెం మీదున్నది పేస్ కాదు, ఎవరో అమ్మాయి అని నేను అన్నాను. "ఆయనకూ అదే చెప్పాను" అన్నారు ఆవిడ.

మసక డాలరును పీవీసీ లేని కొత్త గుళికలో బిగించి, గుళిక మీద సంవత్సరం, డి అక్షరం రాసిచ్చాను. అది అబ్బాయికి, బ్యాడ్జీతో సహా. పారాలింపిక్స్ ప్రూఫ్ అమ్ముతామన్నారు. మరో వారం వచ్చి మా కొట్టులోనే అమ్మారు, 30కి. ఆ నెలలోనే అది నా దగ్గర 40కి పోయింది. ఇదీ చెప్పాలి.

వెళ్లబోతూ డబ్బా మూత బిగించి ఆగారు.

"మరి ఈ శ్రావణంలో పూజకు ఏది పెట్టను?"

"ఈగిలే పెట్టండమ్మా. ఇక దాన్ని విభూతితో ఎంత తోమినా పోయేదేమీ లేదు."